రేకీ ఫస్ట్ డిగ్రీ: ఎవరి దగ్గర నేర్చుకోవాలి, ఇంట్లో పెద్దవాళ్లకు ఎట్టా చేయాలి?

కావలి కోడలు:

అందరికీ నమస్కారం. మా అత్తయ్యకు 68 ఏళ్లు. సుగరు, బీపీ రెండిటికీ మాత్రలు వాడతారు. మోకాళ్ల నొప్పులున్నాయి, రాత్రిళ్లు సరిగా నిద్ర పట్టదు, ఊరికే కంగారు పడతారు. ఒంటి మీద చేతులు మెత్తగా ఉంచి శక్తిని అందిస్తామనే జపాన్ పద్ధతి రేకీ, ఆ నిద్రకీ కంగారుకీ పనికొస్తుందేమోనని నేర్చుకుందామనుకుంటున్నాను. నెల్లూరులో ఒకరు ఒక్క ఆదివారంలోనే ఫస్ట్ డిగ్రీ, సెకండ్ డిగ్రీ (అంటే మొదటి, రెండో మెట్లు) రెండూ ఇచ్చేస్తామంటున్నారు. ఇంకొకరు ఫోన్లోనే అట్యూన్‌మెంట్ (గురువు ఇచ్చే దీక్ష) చేసి సర్టిఫికెట్ పంపుతామంటున్నారు. ఒంగోలులో ఉన్నవాళ్లేమో ఫస్ట్ డిగ్రీకే రెండు రోజులు రావాలి, సెకండ్ సంగతి తర్వాత చూద్దాం అన్నారు. వీటిలో ఏది నయం?

ఇంకా కొన్ని సందేహాలు. 21 రోజులు మానకుండా చేయాలంటారు, మధ్యలో ఆగితే మళ్లీ మొదటికి రావాలా? నెలసరిలో చేయకూడదా? మాంసం, చేపలు మానాలా? చేతుల్లో వేడి తెలియకపోతే రేకీ రానట్టేనా? అత్తయ్యను ఏ మంచం మీద పడుకోబెట్టాలి, ఎంతసేపు చేయాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

సింగరాయకొండ సాధకుడు:

ఒంగోలు వాళ్లు చెప్పిందే సరైన పద్ధతమ్మా. ఫస్ట్ డిగ్రీలో నేర్పేది చూడ్డానికి కొంచెమే. చేతులు ఎక్కడ పెట్టాలి, ఎంతసేపు ఉంచాలి, ఆ సేపూ మనసును ఎక్కడ నిలపాలి, ఐదు నియమాలు, అంతే. కానీ గురువు చూస్తుండగా ఒకసారి మీకు మీరు, ఒకసారి పక్కవాళ్లకు పూర్తిగా చేయాలి. దానికే రెండు మూడు గంటలు పోతాయి. ఒక్క రోజులో రెండు డిగ్రీలంటే ముందు కోత పడేది ఈ అభ్యాసానికే. ఇంటికొచ్చాక చేయి ఎక్కడ పెట్టాలో తెలియక మానేసేవాళ్లు ఎక్కువగా అట్టాంటి క్లాసుల నుంచే వస్తారు. జపాన్ నుంచి దీన్ని హవాయికి, అక్కడినుంచి అమెరికాకు తెచ్చిన హవాయో టకాటా గారి పద్ధతిలో ఫస్ట్ డిగ్రీకే నాలుగు అట్యూన్‌మెంట్లు, అదీ విడివిడిగా. ఫోన్లో అట్యూన్‌మెంట్ గురించి గురువుల్లోనే ఏకాభిప్రాయం లేదు. నా మాట అడిగితే, మీ మోచేయి గాల్లో వేలాడుతుంటే పట్టుకుని సరిచేసే మనిషి ఎదురుగా ఉండాలి.

ముందు మీ మీద మీరు చేసుకునే పద్ధతి చెబుతాను, అత్తయ్య సంగతి తర్వాత.

పొద్దున్నే చేసుకోండి. మన ఎండాకాలంలో తొమ్మిది దాటితే చెమటతోనే సరిపోతుంది. వాచీ, ఉంగరాలు, గాజులు తీసి చేతులు కడుక్కోండి. వీపుకి ఆనిక ఉన్న కుర్చీలో పాదాలు నేలకి ఆనేట్టు కూర్చోండి. రెండు అరచేతులూ గుండె ఎదుట జోడించి, నడివేళ్లు రెండూ తాకేచోట గమనిక ఉంచి రెండు నిమిషాలు. దీన్ని గాష్షో అంటారు. ఐదు నియమాలు అప్పుడే మనసులో చెప్పుకుంటారు. ఈ రోజుకు మాత్రం కోపగించుకోను, బెంగపడను, కృతజ్ఞతతో ఉంటాను, నా పని శ్రద్ధగా చేస్తాను, సాటివారిని దయగా చూస్తాను. 'ఈ రోజుకు మాత్రం' అన్నదే అందులో ఆయువుపట్టు, దాన్ని వదిలేయకండి.

తర్వాత చేతులు. పాత పద్ధతిలో స్థానాలు 12: తలకి నాలుగు, ముందు వైపు నాలుగు, వెనక నాలుగు. మన దగ్గర చాలామంది 24 పాయింట్లు నేర్పుతారు, ఒక్కోదానికి 3 నిమిషాలు, మొత్తం 72 నిమిషాలు. కొత్తవాళ్లకు అంత ఓపిక ఉండదు, 12 చాలు. తలకి: కళ్ల మీద, కణతల మీద, తల వెనక, గొంతు దగ్గర. ముందు: రొమ్ము పైభాగం, పక్కటెముకల కింద, బొడ్డు చుట్టూ, పొత్తికడుపు. వెనక: భుజాలు, భుజాల కింద చేయి అందినంతవరకు, నడుము పైన, నడుము కింద. ఒక్కోచోట 3 నుంచి 5 నిమిషాలు. ఫోన్లో మూడు నిమిషాలకోసారి గంట మోగే టైమర్ పెట్టి ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి. టైమర్ లేకుంటే తల దగ్గర పది నిమిషాలు, నడుము దగ్గర అర నిమిషం అవుతుంది.

వేళ్లు ఎడం లేకుండా దగ్గరగా, అరచేయి రవంత గుంటగా. నొక్కకూడదు, రుద్దకూడదు, అటూ ఇటూ కదపకూడదు. కళ్ల మీద పెట్టేటప్పుడు కనుగుడ్డు మీద బరువు పడకూడదు, అరచేతి మొదలు చెంప ఎముక మీద ఆనాలి. గొంతు మీద అసలు ఆనించొద్దు. చేతులు కాలరు ఎముకల మీద ఉంటే చాలు.

కొత్తవాళ్లు చేసే తప్పుల్లో మొదటిది మోచేతులను గాల్లో ఉంచడం. రెండు నిమిషాలకే భుజాలు పైకి లేస్తాయి, మెడ పట్టేస్తుంది, చేతులు వణుకుతాయి. ఆ వణుకు చూసి 'శక్తి పారుతోంది' అనుకుంటారు. అది కండరాల అలసట. తలకి చేసుకునేటప్పుడు మోచేతుల కింద రెండు దిండ్లు పెట్టుకుంటే పోతుంది. రెండో తప్పు, చేతికి ఏదో తెలియాలని ఎదురుచూడటం. బట్ట మీద ఐదు నిమిషాలు చేయి కదలకుండా ఉంచితే ఎవరికైనా వెచ్చబడుతుంది, ఒంటి వేడి బయటికి పోదు కాబట్టి. అందుకే వేడి తెలిసిందని పొంగిపోనక్కర్లేదు, తెలియలేదని దిగులుపడనక్కర్లేదు. తిమ్మిరి, చల్లదనం, ఏమీ తెలియకపోవడం, అన్నీ మామూలే. చేయి కదలకుండా, ధ్యాస అక్కడే ఉండేట్టు చూసుకోవడం మటుకు మీ చేతిలో పని.

21 రోజుల లెక్క రేకీని మొదలుపెట్టిన మికావో ఉసుయి గారు 1922లో క్యోటో దగ్గర కురామా కొండ మీద చేసిన 21 రోజుల ఉపవాస ధ్యానం నుంచి వచ్చింది. మధ్యలో ఒకరోజు తప్పితే మొదటికి రావాలన్న నియమమేమీ లేదు. మర్నాడు కొనసాగించండి. గంట దొరకని రోజు నాలుగు చోట్ల ఐదేసి నిమిషాలు చేయండి: కళ్లు, రొమ్ము, పొట్ట, పొత్తికడుపు. నెలసరికి అడ్డు లేదు, చాలామంది పొత్తికడుపు మీద చేయి పెట్టుకునేదే అప్పుడు. చేపలు, మాంసం మానమని కొందరు గురువులు అడుగుతారు, అది వాళ్ల ఆచారం. రేకీకి దేవుడు, కులం, తిండి షరతులు లేవు.

సెకండ్ డిగ్రీకి కనీసం రెండు మూడు నెలలు ఆగండి. చో కూ రే, సే హే కీ, హోన్ షా జే షో నెన్ అనే మూడు గుర్తులు అందులో ఇస్తారు. మూడోది చాలా గీతలున్న గుర్తు. గీతల వరస కాగితం మీద రాసి రాసి అలవాటు చేసుకోవాల్సిందే. రోజూ చేసుకునే అలవాటు లేకుండా ఆ గుర్తులు తీసుకుంటే అవి నోటుపుస్తకంలోనే ఉండిపోతాయి.

పొగతోట నర్సు:

కోడలు గారూ, పైన అభ్యాసం గురించి చెప్పింది బాగుంది. సుగరు, బీపీ ఉన్న మనిషికి చేయబోతున్నారు కాబట్టి కొన్ని గట్టిగా చెప్పాలి.

మొదటిది, మాత్రలు. రేకీ మొదలుపెట్టామని ఒక్క మాత్ర కూడా తగ్గించొద్దు. మానమని ఏ గురువైనా అంటే ఆ గురువు దగ్గరికి మళ్లీ వెళ్లకండి. రేకీతో జబ్బు నయమవుతుందని చూపే గట్టి ఆధారం లేదు. ఆందోళన, కుంగుబాటులకు రేకీ మీద వచ్చిన పరిశోధనలను, వైద్య ఆధారాలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ వాళ్లు 2015లో సమీక్షించి, పనిచేస్తుందనీ చేయదనీ తేల్చడానికి చాలినంత ఆధారం లేదన్నారు. చేతులతో శక్తిని పసిగట్టగలమనే మాటకు సంబంధించి 1998లో అమెరికా వైద్యసంఘం పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది. రేకీ కాదు గానీ దానికి దగ్గరగా ఉండే థెరప్యూటిక్ టచ్ చేసే 21 మందిని తెర వెనక కూర్చోబెట్టి, మీ రెండు చేతుల్లో దేని దగ్గర ఇంకొకరి చేయి ఉందో చెప్పమన్నారు. 280 సార్లలో 44 శాతమే సరిగ్గా చెప్పారు, అంటే బొమ్మాబొరుసు వేసినా వచ్చే లెక్కకంటే తక్కువ. అందుకని 'ఇక్కడ వేడిగా ఉంది, లివరు బాగాలేదు' అని చేత్తో జబ్బు చెప్పే పని మాత్రం పెట్టుకోకండి.

మరి ఎందుకు చేయడం అంటే, అరగంట పాటు ఫోను పక్కన పడేసి ఒకరు ఒకరిని మెత్తగా పట్టుకుని కూర్చుంటే ఒళ్లు సడలుతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది. నిద్ర పట్టని పెద్దవాళ్లకు అదే చిన్న మేలు కాదు. ఆ మేరకు సంతోషంగా చేయండి.

రెండోది, సుగరు పడిపోవడం. చేస్తుండగా ఉన్నట్టుండి చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబాటు వస్తే 'శక్తి బయటికి పోతోంది' అని ఊరుకోవద్దు. వెంటనే గ్లూకోమీటరుతో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. అప్పటికీ పెరగకపోతే మళ్లీ అదే ఇవ్వండి. మీటరు అందుబాటులో లేకపోయినా లక్షణాలుంటే చక్కెర ఇచ్చేయండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. దీన్ని తప్పించుకోవాలంటే మాత్ర వేసుకుని తినకముందు కాకుండా, టిఫిన్ తిన్న గంట తర్వాత చేయండి.

మూడోది, లేవడం. బీపీ మాత్రలు వాడేవాళ్లు అరగంట కదలకుండా ఉండి ఒక్కసారి లేస్తే కళ్లు తిరిగి పడతారు. ఈ వయసులో పడితే తుంటి ఎముకకే ముప్పు. ముందు కాలి మడమలు పదిసార్లు ఆడించి, రెండు నిమిషాలు కూర్చుని, మీ చేయి పట్టుకుని లేవాలి.

ఇంకో మాట. 21 రోజుల్లో జ్వరం, విరేచనాలు వస్తే ఒళ్లు శుద్ధి అవుతోందని కొందరు చెబుతారు. అక్టోబరు, నవంబరు వానల్లో మన దగ్గర జ్వరమంటే డెంగీ కావచ్చు, టైఫాయిడ్ కావచ్చు. రెండు రోజులు దాటితే రక్తపరీక్షకే వెళ్లాలి.

కావలి కోడలు:

ఇద్దరికీ చాలా థ్యాంక్సండీ. అత్తయ్యను పడుకోబెట్టి చేయాలా, కూర్చోబెట్టి చేయాలా? మా ఇంట్లో ఉన్నది నవారు మంచం. మోకాళ్లకు ప్రత్యేకంగా ఏమన్నా చేయొచ్చా? అట్టాగే ఆ గురువులకు డబ్బు కట్టేముందు ఏం అడగాలో కూడా చెప్పండి.

ట్రంకురోడ్డు:

డబ్బు సంగతి నేను చెబుతానండీ.

రేకీకి మన దేశంలో ప్రభుత్వ గుర్తింపున్న కౌన్సిల్ లేదు. సంప్రదాయ వైద్యాలను చూసే కేంద్ర ఆయుష్ శాఖ కింద ఉన్నవి ఆయుర్వేదం, యోగా, ప్రకృతి వైద్యం, యునాని, సిద్ధ, సోవా రిగ్పా (టిబెట్ వైద్యం), హోమియో. రేకీ అందులో లేదు. కాబట్టి సర్టిఫికెట్ మీద ఎంత పెద్ద ముద్ర ఉన్నా అది ఆ గురువు ఇచ్చిన కాగితమే. దాన్ని చూపి పేరు ముందు డాక్టరని పెట్టుకోవడం కుదరదు. క్యాన్సరు, సుగరు లాంటివి నయం చేస్తామని కరపత్రంలో వేస్తే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద చిక్కులో పడతారు. నెల్లూరు వాళ్ల కరపత్రంలో అట్టాంటి జాబితా ఏమైనా ఉందేమో చూడండి. ఉంటే ఇంకేమీ అడగక్కర్లేదు.

అడగాల్సినవి ఇవి. గురుపరంపర చెప్పండి అని అడగండి. ఉసుయి, ఆయన శిష్యుడు చూజిరో హయాషి, ఆయన దగ్గర నేర్చిన టకాటా, టకాటా తయారుచేసిన 22 మంది మాస్టర్లలో (ఇతరులకు నేర్పగల గురువుల్లో) ఒకరు, అక్కడినుంచి మీ గురువు దాకా పేర్లు వరసగా రావాలి. కొందరిది జపాన్‌లోనే సాగిన వేరే వరస, అదీ పేర్లతో చెప్పగలగాలి. తడుముకుంటే అనుమానించాల్సిందే. బ్యాచ్‌లో ఎంతమంది? పది దాటితే ఒక్కొక్కరి చేతులు చూడడం కష్టం. క్లాసులో ఎదుటి మనిషి మీద పూర్తిగా చేయిస్తారా? తర్వాత సందేహాలు వస్తే ఎవరిని అడగాలి, నెలకోసారైనా అందరూ కలిసి చేసుకునే రోజు ఉందా? మూడు డిగ్రీలకూ కలిపి ముందే కట్టమంటే కట్టకండి, ఫస్ట్ డిగ్రీకి మాత్రం కట్టండి. ఫీజుకి ఒక ధరంటూ ఎక్కడా లేదు. చివరిదైన మాస్టర్ డిగ్రీకి టకాటా గారే 10,000 డాలర్లు తీసుకున్నారు, ఇప్పుడు ఉచితంగా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఎక్కువ తీసుకున్నంత మాత్రాన బాగా నేర్పుతారని కాదు.

ఉసుయి గారు క్రైస్తవ మతబోధకుడనీ షికాగో యూనివర్సిటీలో చదివారనీ ఇంకా చెప్పే గురువులున్నారు. ఆ యూనివర్సిటీ రికార్డుల్లో ఆయన పేరు లేదు. 1927లో శిష్యులు టోక్యోలోని సైహోజి గుడి దగ్గర నిలిపిన స్మారక శిలలో ఆయన జీవితం రాసి ఉంది, అందులోనూ ఈ మాట లేదు. చక్రాలు కూడా తర్వాత కలిసినవే. చక్రాలు చెప్పడం తప్పనను, కానీ ఏది పాతదో ఏది తర్వాత చేరిందో విడదీసి చెప్పే గురువు దొరికితే వదులుకోకండి.

సింగరాయకొండ సాధకుడు:

నవారు మంచం వద్దమ్మా. మధ్యలో కుంగి నడుము వంగిపోతుంది, పైగా ఎత్తు తక్కువ కాబట్టి మీరు అరగంట వంగి ఉండాలి. పడుకోబెట్టి చేసే బల్ల మీరు నిలబడితే మీ మణికట్టు ఎత్తుకి రావాలి. ఇంట్లో అట్టాంటిది ఉండదు. అందుకని కుర్చీలోనే చేయండి. చేతులు లేని కుర్చీలో అత్తయ్యను పక్కకు తిప్పి కూర్చోబెడితే వీపు మీకు అందుతుంది, కుర్చీ వీపు అడ్డం రాదు. ఎదురుగా ఒక బల్ల, దాని మీద దిండు పెడితే కావాలంటే ముందుకు వాలి ఆనుకుంటారు. ప్లాస్టిక్ కుర్చీ అయితే నున్నటి గచ్చు మీద జారకుండా కింద గోనెపట్టా వేయండి.

మొదలుపెట్టేముందు ఎక్కడెక్కడ చేయి పెడతారో చెప్పి, సరేనంటేనే పెట్టండి. బయటివాళ్లకు చేసే రోజు వస్తే ఇది ఇంకా ముఖ్యం. రొమ్ము మీద, పొత్తికడుపు కింద చేయి ఆనించకూడదు. నాలుగు వేళ్ల ఎత్తున ఉంచితే చాలు, లేదా ఆ స్థానమే వదిలేయొచ్చు. ఆడవాళ్లకు మగవాళ్లు చేసేటప్పుడు ఇంట్లోవాళ్లు ఒకరు గదిలో ఉండాలి.

వెనక నిలబడి రెండు భుజాల మీద చేతులు పెట్టడంతో మొదలుపెట్టండి, మూడు నిమిషాలు. తర్వాత నడినెత్తిన. ఆ తర్వాత పక్కకొచ్చి ఒక చేయి నుదుటి మీద, ఒకటి తల వెనక. అట్టాగే కిందికి: కాలరు ఎముకల దగ్గర ఒక చేయి, ఎదురుగా వీపు మీద ఒక చేయి. పొట్ట మీద ఒకటి, నడుము మీద ఒకటి. పీట వేసుకుని కూర్చుని మోకాళ్లు, చివర పాదాలు. మొత్తం అరగంటకు మించొద్దు. పడుకున్నవాళ్లకు చేసేటప్పుడు తల వెనక చేయి పెట్టాలని తల ఎత్తిస్తారు, మెడ నొప్పి ఉన్నవాళ్లకు అది వద్దు, చెవుల పక్కన పెడితే సరిపోతుంది.

మోకాళ్లకు ఒక్కో మోకాలిని రెండు చేతుల మధ్య, ఒకటి చిప్ప మీద, ఒకటి వెనక, ఐదేసి నిమిషాలు ఉంచండి. వాపుంటే ఆనించకుండా పైన పట్టండి. మీ చేయి చెమట పడుతుంటే మధ్యలో పల్చటి తువ్వాలు వేయండి.

నోటుపుస్తకంలో తేదీ, ఎంతసేపు చేశారు, ఆ రాత్రి నిద్ర ఎట్టా పట్టింది, అంతవరకే రాసుకోండి. నెల తర్వాత చూస్తే మీకే తెలుస్తుంది. తేడా ఏమీ లేకపోతే మీరు సరిగా చేయలేదని అనుకోకండి, నిద్ర గురించి డాక్టరుతో మాట్లాడండి.

పొగతోట నర్సు:

మోకాళ్ల దాకా వచ్చారు కాబట్టి ఇవి కూడా. చేయి పెట్టిన ప్రతిసారీ పాదాలు చూడండి. సుగరు ఉన్నవాళ్లకు స్పర్శ తగ్గి పుండు పడినా తెలియదు. వేళ్ల సందులు, మడమలు, కింద అరికాలు రోజూ చూసే అవకాశం మీకు దొరుకుతోంది, ఈ ఒక్క పనికైనా రేకీకి మీరు కూర్చోవడం మంచిది. పగులు, నల్లమచ్చ, చీము కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ఒక్క కాలికే వాపు, పిక్కలో నొప్పి, పట్టుకుంటే వేడి ఉంటే రుద్దొద్దు, చేయి కూడా పెట్టొద్దు. సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, వెంటనే చూపించాలి.

మోకాళ్ల నొప్పికి అసలు పని చేసేది తొడ కండరాల వ్యాయామం. కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాపి ఐదు అంకెలు లెక్కపెట్టి దించాలి, ఒక్కో కాలికి పది, రోజుకు రెండు పూటలు. రేకీ అయిన వెంటనే, లేవకముందే చేయిస్తే అలవాటైపోతుంది. మీ అత్తయ్య పుట్టిల్లు కనిగిరి, పొదిలి, దర్శి వైపు అయితే ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ, చిన్నప్పటినుంచి ఆ నీళ్లు తాగినవాళ్ల కీళ్లు, వెన్ను బిగుసుకుపోవడానికి అదే కారణం కావచ్చు, చికిత్స ఆలోచించే తీరు మారుతుంది.

కావలి కోడలు:

ఆమెది పొదిలి పక్కనేనండీ. ఈ వారంలోనే డాక్టరుకి చూపించి నీళ్ల సంగతి చెబుతాను. ఒంగోలు వాళ్లకి ఫోన్ చేసి బ్యాచ్‌లో ఎంతమందో, పరంపర ఏమిటో అడిగాక ఫస్ట్ డిగ్రీకి మాత్రమే కడతాను.